సీడీ యాడ పెట్టాలబ్బయ్యా? కొత్త కారులోకి పాత పాటలు ఎక్కించే పద్ధతి

పోయిన వేసవిలో మా హైస్కూలు హెడ్మాస్టరు గారు కొత్త కారు కొన్నారు. రిటైరై చాలా ఏళ్ళయింది. కొండబిట్రగుంట వెంకటేశ్వరస్వామి గుడి దగ్గర పూజ చేయించి, నిమ్మకాయలు తొక్కించి, నేరుగా కావలి ట్రంకు రోడ్డులో నా కొట్టు ముందుకు తెచ్చి ఆపారు. చేతిలో జిప్పున్న నల్ల రెగ్జిన్ పౌచ్. అందులో 48 సీడీలు.

"సీడీ యాడ పెట్టాలబ్బయ్యా ఇందులో? షోరూములో అడిగితే ఆ పిల్లోళ్ళు మొహమొహాలు చూసుకుంటన్నారు" అన్నారు.

నవ్వొచ్చింది గానీ ఆపుకున్నాను. ఆ 48లో ముప్పై దాకా నేను అమ్మినవే.

1996లో నాది క్యాసెట్ రికార్డింగ్ సెంటరు. కాగితం మీద పాటలు రాసిస్తే 90 నిమిషాల క్యాసెట్లోకి ఎక్కించి ఇచ్చేవాణ్ణి. తర్వాత సీడీలు. ఆ తర్వాత ఒక్క సీడీలో నూట యాభై పాటలు పట్టే ఎంపీ3లు. అది దొంగ వ్యాపారమేనని ఇప్పుడు ఒప్పుకోడానికి నాకేం మొహమాటం లేదు. 2016 సెప్టెంబరులో జియో వచ్చింది. ఆర్నెల్లు తిరగకుండా సీడీల ర్యాకు తీసేసి అక్కడ మొబైల్ కవర్లు వేలాడదీశాను. ఇప్పుడు వారానికి ఇద్దరు ముగ్గురు హెడ్మాస్టరు గారి ప్రశ్నే పట్టుకుని వస్తున్నారు. అందరికీ చెప్పిందే చెప్తున్నాను కాబట్టి, ఒకసారి రాసి పెడితే పోతుందనిపించింది.

సీడీ ప్లేయరున్న కొత్త కారు కోసం షోరూములు తిరగొద్దు. దాని కాలం అయిపోయింది. 1982లో జపాన్‌లో మొదటి సీడీ ప్లేయరు అమ్మకానికి వచ్చింది, రెండేళ్ళకే కార్లలోకి ఎక్కింది. మన వైపు అది దర్జాగా బతికింది మాత్రం 2000 తర్వాత ఓ పదిహేనేళ్ళు. సీడీ వెడల్పు 12 సెంటీమీటర్లు. పాత స్టీరియో ముఖం 18 సెంటీమీటర్ల వెడల్పు, 5 సెంటీమీటర్ల ఎత్తు. ఆ కాస్త డబ్బాలోనే సీడీని లోపలికి లాగే రోలర్లు, తిప్పే మోటారు, చదివే లెన్సు, గుంతల్లో అదురు తట్టుకునే స్ప్రింగులు ఉండాలి. అన్నీ కదిలేవే, అన్నీ అరిగేవే. లెన్సు మీద దుమ్ము పడిందంటే పాట ఎగిరెగిరి పడుతుంది. ఇప్పుడు అదే చోట ఏడు, ఎనిమిది, పది అంగుళాల స్క్రీన్ కూర్చుంది. మ్యాపు అందులోనే, రివర్స్ కెమెరా అందులోనే. ఫోనుని కారు స్క్రీన్‌కి కలిపే ఆపిల్ కార్‌ప్లే 2014లో, ఆండ్రాయిడ్ ఆటో 2015లో వచ్చాక పాట ఫోన్లోంచి వస్తోంది. ఎవరో కొద్దిమంది వాడే యంత్రాన్ని కంపెనీ ఖర్చు పెట్టి మరీ ఎందుకు బిగిస్తుంది?

పాత కారు ఇచ్చే ముందు లోపల చూసుకోండి

నేను ఈ తప్పు చేశాను కాబట్టి ముందు ఇదే చెప్తాను. 2022లో నా పాత వ్యాగనార్‌ని ఎక్స్ఛేంజీలో ఇచ్చేశాను. డిక్కీ, డాష్‌బోర్డు, సీటు కింద అన్నీ వెతికి చిల్లర నాణేలతో సహా తీసుకున్నాను. మూడు రోజుల తర్వాత అన్నం తింటుంటే గుర్తొచ్చింది. మా నాన్న సీడీ స్టీరియోలోనే ఉండిపోయింది. దాని ఎజెక్ట్ బటన్ అంతకు ముందు నుంచీ మొండికేస్తూ ఉంది. బయటికి రావడం లేదని అలా వదిలేసి, వదిలేసిన సంగతే మర్చిపోయాను.

మా నాన్న పద్యనాటకాల్లో వేషాలు కట్టేవాడు. కలిగిరి, వింజమూరు చుట్టుపక్కల తిరునాళ్ళకి ఆయన్ని పిలిచేవాళ్ళు. 1991లో ఒక రాత్రి స్టేజీ పక్కన టేప్‌రికార్డర్ పెట్టి కాటి సీను పద్యాలు రికార్డు చేశాను. 2004లో ఆ క్యాసెట్‌ని సీడీలోకి ఎక్కించాను. తర్వాత క్యాసెట్ బూజు పట్టి పోయింది. మిగిలింది ఆ ఒక్క సీడీ.

కారు అప్పటికే కందుకూరులో ఒకాయన కొనుక్కున్నాడు. బస్సెక్కి వెళ్ళాను. మంచి మనిషి, టీ ఇప్పించి బండి తాళాలు ఇచ్చాడు. సీడీ ఇరుక్కున్నప్పుడు ఏం చేయాలో ఆ రోజు ఆయన వాకిట్లో నేను చేసిన వరసలోనే చెప్తాను. ముందు ఎజెక్ట్ బటన్‌ని పది సెకన్లు వదలకుండా నొక్కి పట్టండి. రాకపోతే, స్టీరియో ముందు ప్యానెల్ ఊడొచ్చే రకమైతే ఊడదీయండి. దాని వెనక రీసెట్ అని చిన్న బొక్క ఉంటుంది, పిన్నీసు మొనతో నొక్కండి. అప్పటికీ రాకపోతే ఇంజను ఆపి, బ్యాటరీ మైనస్ తీగ ఊడదీసి పది నిమిషాలాగి మళ్ళీ బిగించండి. కరెంటు కొత్తగా వచ్చినప్పుడు కొన్ని ప్లేయర్లు లోపలున్న సీడీని ఒకసారి బయటికి తోస్తాయి. నాది అలాగే వచ్చింది. గడియారం టైము, రేడియో స్టేషన్లు చెరిగిపోతాయి, అంతే. స్క్రూడ్రైవరుతోనో పట్టకారుతోనో సందులో మాత్రం కెలకొద్దు. పైనుంచి ఇంకో సీడీ తోసి చూద్దామనే ఆలోచన అసలే వద్దు.

అన్నీ ఎక్కించక్కర్లేదు

హెడ్మాస్టరు గారి 48 సీడీల్లో చివరికి ఎన్ని ఎక్కించామో తెలుసా? తొమ్మిది.

మిగతావన్నీ సినిమా పాటలు. పౌచ్ ముందు పెట్టుకుని ఫోన్లో పాటల యాప్ తెరిచి ఒక్కో సీడీ పేరు కొట్టి చూశాం. దొరికింది దొరికినట్టు పక్కన పెట్టేశాం. బాలు గారి సొంత జిల్లా మన నెల్లూరు, ఆయన పాటలు యాప్‌లలో కుప్పలు తెప్పలు. వాటి కోసం కంప్యూటర్ ముందు రాత్రిళ్ళు కూర్చోవడం దండగ. ఒక్క జాగ్రత్త: పేరు కనబడగానే సరే అనుకోకండి, పాట పెట్టి వినండి. పాత సినిమా పాటలు కొన్ని వేరేవాళ్ళు మళ్ళీ పాడినవి ఉంటాయి. ఫోటో అదే, గొంతు వేరు.

సిగ్నల్ లేని దారులకి యాప్‌లోనే పాటలు డౌన్‌లోడ్ చేసి పెట్టుకోండి. దోర్నాల దాటి శ్రీశైలం దారిలో నల్లమలలోకి దూరాక, సీతారామపురం అవతల ఘటిక సిద్ధేశ్వరం వైపు తిరిగాక ఫోను చేతిలో ఉన్నా లేనట్టే.

ఎక్కించాల్సింది ఎక్కడా దొరకనివి. మీ ఊరి హరికథ, బుర్రకథ. మీ పెళ్ళిలో వాయించిన మేళం. ఎవరో స్వాములవారు మీ ఊరికొచ్చి చెప్పిన ప్రవచనం. తాతయ్య గొంతు. హెడ్మాస్టరు గారి తొమ్మిదిలో రెండు స్కూలు వార్షికోత్సవాలవి, పిల్లలు పాడిన దేశభక్తి గీతాలు. ఆ పిల్లల్లో ఒకడు ఇప్పుడు టోల్‌గేటులో పని చేస్తున్నాడట.

ఏ సీడీ ఏ రకమో చూడండి

సీడీని కంప్యూటర్లో పెట్టి తెరిస్తే మూడు నాలుగు రకాలు కనబడతాయి. ఎంపీ3 ఫైళ్ళు కనబడితే మీ పని సగం అయినట్టే, కాపీ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసుకోవడమే. ఎంపెగ్‌ఏవీ అనే ఫోల్డరు, అందులో డీఏటీ (.dat) ఫైళ్ళు ఉంటే అది వీసీడీ. వీడియో టీఎస్ అనే ఫోల్డరుంటే డీవీడీ. పెళ్ళి వీడియోలన్నీ ఈ రెండు రకాలే. వీటిలోంచి మాటా పాటా మాత్రం కావాలంటే వీఎల్‌సీ అనే ఉచిత ప్లేయరులో కన్వర్ట్ అనే చోట ఎంపీ3 ఎంచుకుంటే ఆడియో విడిగా వస్తుంది.

నాలుగోది అసలు ఆడియో సీడీ. అందరూ దెబ్బ తినేది ఇక్కడే. తెరవగానే ట్రాక్01, ట్రాక్02 అని వరసగా సీడీఏ ఫైళ్ళు కనబడతాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లోకి లాగి పడేసి, "చిటికెలో అయిపోయిందే" అని సంతోషపడి కారులో పెడితే ఒక్కటీ పలకదు. అవి పాటలు కావు, పాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే చీటీల్లాంటివి. ఒక్కోటి 44 బైట్లు. ఆరు నిమిషాల పాట 44 బైట్లలో పడుతుందా? ఒక మెడికల్ షాపాయన అలా ఇరవై సీడీలు "కాపీ" చేసుకుని, సీడీలు తీసుకెళ్ళి రొయ్యల గుంట మీద కొంగలు రాకుండా దారానికి కట్టాడు. ఎండకి మెరిసి మెరిసి అవీ పోయాయి, పాటలూ పోయాయి.

ఆడియో సీడీలోంచి పాటని బయటికి తీసే పనిని రిప్ చేయడం అంటారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లకి సీడీ డ్రైవు ఉండదు కాబట్టి యూఎస్‌బీ డ్రైవు కావాలి. నేను కొన్నదానికి 1,400 రూపాయలైంది. పాత డెస్క్‌టాప్ ఎక్కడన్నా మూలన పడి ఉంటే దాని డ్రైవు ఇంకా నయం, గీతలు పడ్డ సీడీలని అది ఓపిగ్గా చదువుతుంది. యూఎస్‌బీ డ్రైవు టకటకమని ఆగిపోతుంటే కరెంటు చాలక కావచ్చు. ఒక సాకెట్‌ని నాలుగు చేసే హబ్బులో కాకుండా నేరుగా కంప్యూటర్‌కే గుచ్చండి.

విండోస్‌తో వచ్చే పాత మీడియా ప్లేయరులోనే రిప్ అనే బటన్ ఉంది. కాకపోతే దాన్ని అలాగే వదిలేస్తే డబ్ల్యూఎంఏ రకంలో తీస్తుంది, అది అన్ని కార్లలో పలకదు. ఆప్షన్లలో రిప్ మ్యూజిక్ దగ్గరికి పోయి ఎంపీ3, 320 కేబీపీఎస్ (పాట నాణ్యత కొలత, ఎంత ఎక్కువైతే అంత మంచిది) పెట్టండి. గీతలు పడ్డ సీడీలకి ఎగ్జాక్ట్ ఆడియో కాపీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వాడండి. దాని సెక్యూర్ మోడ్ ఒక్కో ముక్కనీ రెండు మూడు సార్లు చదివి పోల్చుకుంటుంది. మంచి సీడీ పది నిమిషాల్లో అయిపోతుంది, గీతలున్నది గంట పట్టొచ్చు. మళ్ళీ దొరకని రికార్డింగుని మాత్రం ఎంపీ3తో పాటు ఫ్లాక్ రకంలో కూడా తీసి కంప్యూటర్లో దాచండి. ఫ్లాక్‌లో సీడీలో ఉన్నది ఉన్నట్టు ఉంటుంది, ఏమీ తగ్గదు. కారులో వినడానికి ఎంపీ3 చాలు. ఏసీ ఆన్ చేసి ఎనభైలో పోతూ తేడా కనిపెట్టేవాణ్ణి నేనింతవరకు చూడలేదు.

నెట్ ఉంటే పాటల పేర్లు ఒక్కోసారి వాటంతటవే వస్తాయి. నమ్మకండి. పాటల వరస, వాటి నిడివి చూసి ఫలానా సీడీ అని ఊహించే పద్ధతి ఒకటుంది. తమిళం నుంచి డబ్బింగ్ అయిన సినిమా పెడితే నాకు చాలాసార్లు తమిళ పేర్లు వచ్చాయి. ట్యూను అదే, నిడివి అదే మరి.

సీడీని తుడవడం

సీడీని గుండ్రంగా తుడవకూడదు. మధ్య నుంచి అంచుకి, చక్రం ఆకుల్లాగా నిలువుగా తుడవాలి. లెన్సు సీడీని గుండ్రంగానే చదువుతుంది కాబట్టి అడ్డంగా పడ్డ గీతని దాటేస్తుంది గానీ గుండ్రంగా పడ్డ గీత వెంటే పోతే తప్పిపోతుంది. జిడ్డుంటే గోరువెచ్చని నీళ్ళు, ఒక చుక్క గిన్నెలు తోమే లిక్విడ్, మెత్తటి నూలుగుడ్డ. పంచె అంచుతో మాత్రం వద్దు, హెడ్మాస్టరు గారి సీడీల మీద గీతలన్నీ దాని ప్రసాదమే. అడుగున సన్న గీతలుంటే తెల్ల టూత్‌పేస్టు కొద్దిగా రాసి అదే పద్ధతిలో రుద్ది కడిగితే ఒక్కోసారి పని చేస్తుంది. జెల్ పేస్టు పనికిరాదు.

అందరూ అడుగు భాగాన్ని అపురూపంగా చూసుకుని, పేరు రాసి ఉన్న పైభాగాన్ని టేబుల్ మీద బోర్లా ఈడుస్తారు. అసలు ప్రాణం పైనే ఉంది. పాటని దాచుకున్న మెరుపు పొర లేబుల్‌కి సరిగ్గా కిందే ఉంటుంది, అడుగున ఉన్నది మందపాటి ప్లాస్టిక్కే. పైన గోరంత లేచిపోయినా ఆ ముక్క శాశ్వతంగా పోయినట్టే. సీడీని లైటుకి అడ్డం పెట్టి చూడండి. సూది బొక్కల్లా వెలుతురు కనబడితే ఆ సీడీని అన్నిటికంటే ముందు రిప్ చేయండి. మనం రాసుకున్న సీడీలు, అంటే షాపుల్లో బర్న్ చేసినవి, కంపెనీ సీడీల కంటే ముందే చస్తాయి. వాటిలో పాట రంగు పొర మీద ఉంటుంది, అది ఎండకి వెలిసిపోతుంది. రోహిణి కార్తెలో అద్దాలు బిగించిన కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే ఇక చెప్పేదేముంది.

పెన్‌డ్రైవ్ సంగతి

32 జీబీది కొనండి, పెద్దది వద్దు. 320 కేబీపీఎస్‌లో నిమిషానికి 2.4 ఎంబీ, అయిదు నిమిషాల పాట 12 ఎంబీ. అంటే 32 జీబీలో రెండున్నర వేల పాటలు. ఏ జన్మకి వింటారు? పైగా పెద్ద పెన్‌డ్రైవ్ నిండా నింపితే కారు స్టార్ట్ చేసినప్పుడు కొన్ని సిస్టమ్‌లు అదంతా చదువుకునేదాకా నోరు తెరవవు.

పాటలు వేసే ముందు పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేయండి, అంటే అంతా చెరిపి కొత్తగా సిద్ధం చేయండి. ఎక్కువ కార్లు చదివేది దాన్నే. 64 జీబీ కొంటే విండోస్ ఫార్మాట్ పెట్టెలో మామూలుగా ఫ్యాట్32 కనబడదు, 32 జీబీ కొనమనడానికి అదింకో కారణం.

ఫైళ్ళ పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లో, చిన్నగా పెట్టండి. తెలుగులో పెడితే కొన్ని స్క్రీన్ల మీద డబ్బాలు డబ్బాలుగా వస్తుంది. ప్రతి పేరు ముందూ 01, 02 అని అంకె వేయండి. ఉత్త 1, 2 వేస్తే 1 తర్వాత 10 పాడే బండ్లున్నాయి. కొన్ని కార్లు అంకెలు కూడా చూడవు, మీరు ఏ వరసలో కాపీ చేశారో ఆ వరసలో పాడతాయి. హరికథ రెండో భాగం ముందొచ్చి మొదటి భాగం తర్వాతొస్తే ఇదే కారణం. పెన్‌డ్రైవ్ ఖాళీ చేసి వరసగా ఒక్కోటి కాపీ చేయండి. మా టాక్సీ డ్రైవర్ల చిట్కా ఒకటి: దేవుడి పాటల ఫోల్డరుకి ముందు 00 అని పెట్టండి. పెన్‌డ్రైవ్ పెట్టగానే ముందు అదే మోగుతుంది.

స్క్రీన్ మీద పాట పేరు బదులు ఏదో వెబ్‌సైట్ పేరు వస్తుంటే అది ఫైలు లోపల ట్యాగులో, అంటే పాట వివరాలు రాసుండే చోట ఉంది. ఎంపీ3ట్యాగ్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చెరిపేయొచ్చు. పాత రికార్డింగు సౌండు తక్కువగా, తర్వాతి సినిమా పాట చెవులు పగిలేలా వస్తుంటే ఎంపీ3గెయిన్‌తో అన్నిటినీ ఒకే మట్టానికి తేవచ్చు. మా నాన్న పద్యం వినబడటం లేదని వాల్యూమ్ పెంచాను. వెంటనే వచ్చిన డప్పు పాటకి వెనక సీట్లో మా మనవరాలు ఉలిక్కిపడి లేచి ఏడ్చింది. అప్పటినుంచి ఈ పని తప్పకుండా చేస్తున్నాను.

ఇక గుచ్చే చోటు. కొత్త కార్లలో మూడు నాలుగు యూఎస్‌బీ సాకెట్లుంటాయి, అన్నీ పాట పాడవు. బ్యాటరీ గుర్తో మెరుపు గుర్తో ఉంటే అది ఛార్జింగుకే. సంగీతం గుర్తు గానీ ఫోను గుర్తు గానీ ఉన్నదాంట్లో గుచ్చండి, అది సాధారణంగా ముందే ఉంటుంది. సాకెట్ సన్నగా టైప్-సీ అయితే రెండు వైపులా మొనలుండే పెన్‌డ్రైవ్ కొనండి. గోరంత ఉండే రకం మంచిది. పొడుగుది మోకాలు తగిలి విరుగుతుంది, సాకెట్ కూడా పోతుంది.

అడ్డదారులు

కారు డెకార్ షాపుల్లో "పాత సీడీ స్టీరియో పెట్టిస్తాం సార్" అంటారు. పాత కార్లకి ఫర్వాలేదు. కొత్త కారులో స్క్రీన్ తీసేస్తే రివర్స్ కెమెరా, స్టీరింగ్ మీది బటన్లు దానితోనే పోతాయి. తీగలు కోస్తే వారంటీ గొడవ. నాకు తెలిసినాయన అలా పెట్టించుకుని, హారన్ కొడితే రేడియో మారే కారు నడిపాడు నెల రోజులు. యూఎస్‌బీకి గుచ్చే బుల్లి సీడీ ప్లేయర్లు ఆన్‌లైన్లో ఉన్నాయి. కొన్ని కార్లకే కుదురుతాయి, మీ కారు పేరు చూసుకుని, వెనక్కి తీసుకునే షరతు ఉంటేనే కొనండి. పాటని కారు రేడియోకి పంపే ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ వద్దు, గుర్రుమంటుంది.

పని అయ్యాక సీడీలు పారేయకండి. నిలువుగా, పెట్టెల్లో, బీరువాలో పెట్టండి. కాపీ రెండు చోట్ల ఉండాలి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, ఇంట్లో హార్డ్‌డిస్కులో ఒకటి. ఎండలో వేగే పెన్‌డ్రైవ్ ఎప్పుడు పోతుందో దానికే తెలియదు.

కందుకూరు నుంచి తెచ్చిన మా నాన్న సీడీని మూడు డ్రైవుల్లో పెట్టి చూశాను. ఏడో ట్రాకులో నలభై సెకన్లు ఏ డ్రైవూ చదవలేకపోయింది. స్టీరియోలో అన్నాళ్ళు ఉండి పైపొర లేచిపోయింది. ఆ ముక్క కత్తిరించి రెండు కొసలూ అతికిద్దామా అనుకుని, చివరికి అలాగే వదిలేశాను. ముసునూరు టోల్‌గేటు దాటాక అటూ ఇటుగా ఆ పద్యం వస్తుంది. గొంతు పైకి లేచే చోట ఠక్కున ఆగిపోతుంది. వెనక సీట్లోంచి మా అమ్మ ప్రతిసారీ ఒకటే మాట, "ఒరే, నీ పెన్‌డ్రైవు ఊడిపోయిందేమో చూడు."